చిట్టీ పుస్తకం ఇరవై మంది దగ్గరా ఉంటే...

గత సంక్రాంతికి మా ఆడపడుచు కుటుంబం మా ఇంటికి వచ్చింది. అరిసెలు, జంతికలు, పిల్లల గోల... ఇల్లంతా పండగే! ఆ రాత్రి భోజనాల దగ్గర వాళ్లమ్మాయి మెల్లగా కబురు బయటపెట్టింది. అప్పటికి బి.టెక్. చివరి ఏడాది చదువుతోంది.

"పి.జి.లో బ్లాక్‌చెయిన్ చదువుతాను నాన్నా!"

అన్నయ్యగారి ముద్ద చేతిలోనే ఆగిపోయింది. "అదేదో బిట్‌కాయిన్ కదూ? మా ఆఫీసులో ఒకాయన పి.ఎఫ్. డబ్బు తీసి అందులో పోశాడు. సగం కూడా మిగల్లేదు. జూదం చదువుతానంటావేమిటే?" అన్నారు. మా ఆడపడుచు "ఫీజెంత?" అని మాత్రం అడిగింది. ఇల్లు నడిపేవాళ్లం కదా, మన ప్రశ్న ఎప్పుడూ అదే!

పిల్ల దగ్గర రెండు కాగితాలున్నాయి. ఒకటి విదేశీ చదువుల ఏజెంటు ఇచ్చింది. అప్పు చెయ్యకపోతే అందే చదువు కాదది. రెండోది నగరంలో ఒక శిక్షణ కేంద్రం కరపత్రం. "ఆరు నెలల్లో బ్లాక్‌చెయిన్ పి.జి., లక్షల్లో జీతం" అని ఎర్రక్షరాలతో అచ్చేశారు.

"అత్తయ్యా! నేను చెబితే నాన్న వినరు. నువ్వు కాస్త తెలుసుకుని చెప్పు" అంది నాతో. కథలు రాసుకునే నాకు ఈ కంప్యూటరు విద్యతో ఏం పని అనుకున్నాను ముందు. కానీ పిల్ల భవిష్యత్తు, వాళ్ల ఇంటి మీద పడబోయే అప్పు గుర్తొచ్చి సరేనన్నాను. వంట పనులయ్యాక మధ్యాహ్నాలు కూర్చుని పాఠాలు విన్నాను, అర్థం కానివి ఆ పిల్లనే అడిగాను. అలా తెలుసుకున్నవే మీతో పంచుకుంటున్నాను. రేపు మీ ఇంట్లోనూ ఈ మాట వినిపించవచ్చు మరి!

అత్తయ్య పోగొట్టుకున్న మూడు నెలలు

నాకు ముందుగా పాఠం చెప్పింది మా అత్తయ్యే. అదీ తనకి తెలియకుండానే!

1994లో మా అత్తయ్య తెనాలిలో వీధి చిట్టీ ఒకటి వేసింది. ఇరవై మంది, నెలకి రూ.250, ఇరవై నెలలు. మా ఆడపడుచుని డిగ్రీలో చేర్పించడానికి దాచుకుంటున్న డబ్బది. పధ్నాలుగు నెలలు కట్టాక చిట్టీ పాడుకోవడానికి వెళితే, చిట్టీ నడిపే ఆయన పుస్తకం తిరగేసి "మీవి పదకొండు నెలలే ముట్టాయమ్మా" అన్నాడట. రసీదు లేదు. పుస్తకం ఒక్కటే, అది ఆయన దగ్గరే ఉంది. రాసేదీ ఆయనే, చదివేదీ ఆయనే. "నేను కట్టానని నా మనసుకి తెలుసు. కానీ నా మనసుని పుస్తకం అనరు కదా!" అంటుంది అత్తయ్య ఇప్పటికీ. రూ.750 పోయింది. ఆ రోజుల్లో అది చిన్న మొత్తమేం కాదు.

సరిగ్గా ఈ చిక్కుకే బ్లాక్‌చెయిన్ ఒక విరుగుడు. ఎలాగంటారా?

చిట్టీ పుస్తకం ఒక్కరి దగ్గర కాకుండా ఇరవై మంది దగ్గరా ఉందనుకోండి. ఎవరు డబ్బు కట్టినా ఇరవై పుస్తకాల్లోనూ ఆ పద్దు పడుతుంది. ఒక పేజీ నిండగానే, అందులో ఉన్న రాత మొత్తాన్ని బట్టి ఒక ముద్ర తయారవుతుంది. దాన్ని 'హాష్' అంటారు. బిట్‌కాయిన్‌లో వాడే పద్ధతిలో ఇది అంకెలూ అక్షరాలూ కలిసి 64 గుర్తుల వరస. పేజీలో 250ని 150 చేశామా, ముద్ర పూర్తిగా మారిపోతుంది. పైగా ప్రతి పేజీ మొదట్లో, వెనకటి పేజీ ముద్ర రాసి ఉంటుంది. అందుకని పాత పేజీలో ఒక్క అంకె దిద్దినా, ఆ తర్వాతి పేజీలన్నీ తప్పని తేలిపోతాయి. మిగిలిన పంతొమ్మిది పుస్తకాలతోనూ తేడా వస్తుంది. పేజీ అంటే 'బ్లాక్', ముద్రలతో ముడిపడిన వరస 'చెయిన్'. అంతే! గొలుసుకట్టు పద్దుల పుస్తకమన్నమాట.

పేపర్లో పుట్టిన గొలుసు

ఇది బిట్‌కాయిన్‌తో పుట్టిన ఆలోచన అనుకుంటాం. నిజానికి అంతకన్నా పాతది. అమెరికాలో బెల్‌కోర్ పరిశోధన సంస్థలో పనిచేసిన స్టువర్ట్ హేబర్, స్కాట్ స్టోర్నెట్టా అనే ఇద్దరు, కంప్యూటరులోని పత్రాన్ని తర్వాత ఎవరూ మార్చలేకుండా దానికి తేదీ ముద్ర ఎలా వెయ్యాలో 1991లో ఒక వ్యాసం రాశారు. తర్వాత వాళ్లు పెట్టిన సంస్థ ఏం చేసిందో తెలుసా? 1995 నుంచి వారానికోసారి ఆ ముద్రని న్యూయార్క్ టైమ్స్ పత్రికలో, పోయినవీ దొరికినవీ ప్రకటనల మధ్య అచ్చు వేయించింది! అన్ని ఇళ్లకి చేరిపోయిన పేపర్ని వెనక్కి తెప్పించి ముద్ర దిద్దడం ఎవరి తరం?

2008 అక్టోబరు 31న సతోషి నకమోటో అనే మారుపేరుతో బిట్‌కాయిన్ వ్యాసం వచ్చింది. అందులో పేర్కొన్న ఎనిమిది ఆధారాల్లో మూడు ఈ ఇద్దరికీ సంబంధించినవే. 2009 జనవరిలో బిట్‌కాయిన్ మొదలైంది. కాబట్టి బిట్‌కాయిన్ అనేది ఈ విద్యతో కట్టిన ఒక ఇల్లు మాత్రమే. ఇల్లు కట్టే విద్య వేరు, ఆ ఇంటిని కొని అమ్మి లాభం చేసుకునే వ్యాపారం వేరు. అన్నయ్యగారి సహోద్యోగి డబ్బు పోగొట్టుకున్నది ఆ రెండో దాంట్లో. ఈ మాట చెప్పాకనే ఆయన కాస్త చెవి ఒగ్గారు.

పునాదిలో మన ఆడవాళ్లు

ఈ చదువులో నన్ను అన్నిటికన్నా ఆశ్చర్యపరిచింది ఇంకొకటి ఉంది. బ్లాక్‌చెయిన్ అనగానే మగపిల్లల వ్యవహారంలా మాట్లాడతారు. కానీ దాని పునాది రాళ్లు కొన్ని ఆడవాళ్లు పెట్టినవే!

సింథియా డ్వర్క్ 1992లో మోనీ నయోర్‌తో కలిసి, చెత్త ఈమెయిళ్లు పంపేవాళ్లని అడ్డుకునే ఉపాయం చెప్పింది. ఉత్తరం పంపాలంటే కంప్యూటరు ముందు ఒక చిన్న లెక్క చేసి చూపించాలి. ఒక ఉత్తరానికైతే కష్టం లేదు, లక్ష ఉత్తరాలకైతే నడుం విరుగుతుంది. ఇలా 'పని చేసి చూపించు' అనే పద్ధతే తర్వాత బిట్‌కాయిన్‌కి కాపలా అయింది.

బార్బరా లిస్కోవ్ 1999లో తన విద్యార్థి మిగెల్ కాస్ట్రోతో కలిసి, ఒక బృందంలో కొన్ని కంప్యూటర్లు చెడిపోయినా, కావాలని అబద్ధం చెప్పినా, మిగతావి ఒకే మాట మీదకి రావడానికి ఆచరణలో పనికొచ్చే పద్ధతి చూపించింది. బ్యాంకులు, సంస్థలు తమలో తాము నడుపుకునే బ్లాక్‌చెయిన్లలో ఆ పద్ధతి, దాని పిల్ల పద్ధతులు వాడుకలో ఉన్నాయి. ఆవిడకి 2008 సంవత్సరపు ట్యూరింగ్ అవార్డు వచ్చింది. కంప్యూటరు రంగంలో దాన్ని నోబెల్‌తో సమానంగా చూస్తారు.

షఫీ గోల్డ్‌వాసర్‌ది మరీ చమత్కారం. రహస్యం చెప్పకుండానే, రహస్యం తెలుసని రుజువు చెయ్యడం ఎలాగో 1980ల్లో సహచరులతో కలిసి చూపించింది. ఉదాహరణకి పుట్టిన తేదీ బయటపెట్టకుండా, పద్దెనిమిదేళ్లు నిండాయని మాత్రం రుజువు చెయ్యవచ్చు. ఆవిడకి 2012 సంవత్సరపు ట్యూరింగ్ అవార్డు వచ్చింది. వయసు చెప్పకుండా పని జరిపించుకునే విద్యని ఒక ఆడమనిషే కనిపెట్టిందని మావారు నవ్వారనుకోండి!

ఇంతకీ పి.జి.లో ఏం చదువుతారు?

కరపత్రంలో 'కాయిన్ తయారీ, ట్రేడింగ్ మెళకువలు' అని ఉంది. అసలు పి.జి. పాఠ్యక్రమం అలా ఉండదు. నాకు అర్థమైనంతలో నాలుగు భాగాలుంటాయి.

మొదటిది గూఢలిపి శాస్త్రం. ముద్రలు, డిజిటల్ సంతకాలు ఎలా పనిచేస్తాయన్నది. దీనికి లెక్కలు బాగా రావాలి.

రెండోది, ఎక్కడెక్కడో ఉన్న కంప్యూటర్లు ఒక మాట మీదకి రావడం. 1982లో లెస్లీ లాంపోర్ట్ మరో ఇద్దరితో కలిసి దీన్ని ఒక కథలా చెప్పారు. కోటని ముట్టడించిన సేనానులు వార్తాహరుల ద్వారానే మాట్లాడుకోవాలి. వాళ్లలో కొందరు ద్రోహులు. మరి అందరూ ఒకే నిర్ణయానికి రావడం ఎలా? మన ఉమ్మడి కుటుంబాల్లో పెళ్లి ముహూర్తం కుదిరినట్టే అనిపించింది నాకు!

మూడోది 'స్మార్ట్ కాంట్రాక్టు'. షరతు తీరగానే దానంతటదే అమలయ్యే ఒప్పందం. ఇందులో తప్పు దొర్లితే ఏమవుతుందో 2016లో జరిగిన ఒక సంఘటనతో పాఠం చెబుతారు. ఎథీరియం అనే బ్లాక్‌చెయిన్ మీద 'ది డావో' అనే ఉమ్మడి నిధి ఉండేది. డబ్బు అడిగినవాళ్లకి ముందు ఇచ్చేసి, తర్వాత పద్దు రాసుకునేలా దాని ప్రోగ్రాం ఉంది. ఒకడు, పద్దు రాసేలోగానే మళ్లీ మళ్లీ అడిగి 36 లక్షల ఈథర్ నాణేలు లాగేశాడు. 'ముందు రాసి తర్వాత ఇవ్వు' అని కిరాణా కొట్టు శెట్టిగారికి ఎవరూ నేర్పనక్కర్లేదు. ప్రోగ్రాం రాసినవాళ్లు ఆ మాట మరిచిపోయారు!

నాలుగోది చట్టం, అర్థశాస్త్రం, పర్యావరణం. బిట్‌కాయిన్ 'పని చేసి చూపించే' పద్ధతికి కరెంటు విపరీతంగా ఖర్చవుతుంది. ఎథీరియం 2022 సెప్టెంబరులో ఆ పద్ధతి మానేసి, కరెంటు వాడకాన్ని 99 శాతానికి పైగా తగ్గించుకుంది. అది ఎలా సాధ్యమైందో తెలుసుకోవడం కూడా చదువులో భాగమే.

ఎక్కడ చదువుకోవచ్చు?

ఈ విషయంలో మొట్టమొదటి పి.జి. కోర్సు పెద్ద దేశాల్లో ఎక్కడో మొదలైందనుకున్నాను. కాదు! చిన్న ద్వీప దేశం సైప్రస్‌లో. 2013లో అక్కడ బ్యాంకులు కూలబోయి, పెద్ద డిపాజిట్లకి కోత పెట్టారు. ఆ ఏడాదే నికోసియా విశ్వవిద్యాలయం ఫీజులు బిట్‌కాయిన్‌లో తీసుకుంటామంది. 2014లో డిజిటల్ కరెన్సీలో ఎం.ఎస్‌సి. మొదలుపెట్టింది. ఆ కోర్సు పేరులో తర్వాత బ్లాక్‌చెయిన్ కూడా చేరింది. ఇంట్లో ఉండి దూరవిద్యలోనూ చదవవచ్చు. ఆస్ట్రేలియాలో మెల్బోర్న్ నగరంలోని ఆర్.ఎం.ఐ.టి. విశ్వవిద్యాలయం 2017లో దీనికోసం ప్రత్యేక పరిశోధన కేంద్రమే పెట్టింది.

మన దేశంలో కేరళ ప్రభుత్వ డిజిటల్ విశ్వవిద్యాలయం కింద కేరళ బ్లాక్‌చెయిన్ అకాడమీ ఉంది. మన హైదరాబాద్‌లో రిజర్వు బ్యాంకు నెలకొల్పిన ఐ.డి.ఆర్.బి.టి. సంస్థ, బ్యాంకుల్లో బ్లాక్‌చెయిన్ ఉపయోగాల మీద 2017లోనే నివేదిక తెచ్చింది. ఐ.ఐ.ఐ.టి. హైదరాబాద్‌లో కంప్యూటర్ సైన్సు, సమాచార భద్రత కలిపిన ఎం.టెక్. ఉంది. మన దగ్గర ఎక్కువమంది వెళ్లే దారి ఇదే. కంప్యూటర్ సైన్సు ఎం.టెక్.లో చేరి, గూఢలిపి, బ్లాక్‌చెయిన్ ఐచ్ఛికాంశాలుగా తీసుకుని, చివరి ప్రాజెక్టు అందులో చెయ్యడం.

పైసా ఖర్చు లేకుండా రుచి చూడాలంటే ఎన్‌పి‌టెల్ ఉంది. ఐ.ఐ.టి. ఖరగ్‌పూర్ ఆచార్యులు సందీప్ చక్రవర్తి, షమిక్ సురల్ చెప్పిన 12 వారాల బ్లాక్‌చెయిన్ పాఠాలు ఎవరైనా ఉచితంగా వినవచ్చు. సర్టిఫికెట్ కావాలంటేనే పరీక్ష ఫీజు. నేను విన్నవి ఇవే. సగం తలకెక్కలేదు, ఒప్పుకుంటాను. ఎక్కిన సగం మాత్రం కరపత్రం ఎంత డొల్లో చెప్పడానికి సరిపోయింది.

పనికొచ్చిందా మరి?

కొన్నిచోట్ల బాగా పనికొచ్చింది. అమెరికాలో వాల్‌మార్ట్ దుకాణాల వాళ్లు ముక్కలు కోసిన మామిడిపళ్ల పొట్లం ఏ తోట నుంచి వచ్చిందో కనుక్కోవడానికి మామూలుగా దాదాపు ఏడు రోజులు పట్టింది. బ్లాక్‌చెయిన్‌తో ప్రయోగం చేస్తే 2.2 సెకన్లు! 2021 డిసెంబరు 28న ఐ.ఐ.టి. కాన్పూర్ స్నాతకోత్సవంలో విద్యార్థులకి బ్లాక్‌చెయిన్ ఆధారంగా డిజిటల్ పట్టాలు ఇచ్చారు. దొంగ సర్టిఫికెట్లకి అది విరుగుడు. కేంద్ర ప్రభుత్వం 2024 సెప్టెంబరులో జాతీయ బ్లాక్‌చెయిన్ వ్యవస్థని ప్రారంభించింది. అది నడిచే మూడు కేంద్రాల్లో హైదరాబాద్ ఒకటి. తెలంగాణ రిజిస్ట్రేషన్ల శాఖ అయితే చిట్‌ఫండ్ కంపెనీల లెక్కలకే 'టి-చిట్స్' అనే బ్లాక్‌చెయిన్ విధానం తెచ్చింది. రిజిస్టరైన చిట్టీలకే సుమా! వీధి చిట్టీలకి కాదు.

బోర్లాపడినవీ ఉన్నాయి. ఆస్ట్రేలియా స్టాక్ ఎక్స్ఛేంజి ఏళ్ల తరబడి కష్టపడి, 2022 నవంబరులో తన బ్లాక్‌చెయిన్ ప్రయత్నాన్ని ఆపేసింది. దాదాపు 25 కోట్ల ఆస్ట్రేలియన్ డాలర్లు నష్టం రాసుకుంది. ఓడ సరుకుల కోసం మెర్స్క్, ఐ.బి.ఎం. కలిసి 2018లో తెచ్చిన 'ట్రేడ్‌లెన్స్' 2023లో మూతపడింది. పోటీ కంపెనీలన్నీ కలిసి రాకపోతే ఉమ్మడి పుస్తకానికి అర్థమేముంది? ఎక్కడ వాడాలో, ఎక్కడ మామూలు రిజిస్టరు చాలో చెప్పగలగడం కూడా ఈ చదువులో భాగమే.

అత్తయ్య అడిగిన ప్రశ్న

ఇదంతా నేను అన్నయ్యగారికి చెబుతున్న రోజున, మా అత్తయ్య చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ వింటోంది. ఉన్నట్టుండి మనవరాలిని అడిగింది:

"ఏమే! ఆ చిట్టీలాయన డబ్బు తీసుకుని, ముట్టలేదని మొదటే అబద్ధం రాశాడనుకో. ఇరవై పుస్తకాల్లోనూ అబద్ధమే పడుతుంది కదా? పైగా దిద్దడానికి కూడా వీల్లేదంటున్నావు!"

పిల్ల నోరు తెరిచింది. "అమ్మమ్మా! పెద్ద పెద్ద పరిశోధకులు తలపట్టుకునే ప్రశ్న ఇదే!" అంది.

నిజమే. బ్లాక్‌చెయిన్ రాసినదాన్ని కాపాడుతుంది కానీ, రాసినది నిజమో కాదో దానికి తెలియదు. కొలత తప్పు రాసిన పొలం, ఇంకొకరి పేరున ఎక్కిన ఇల్లు... అలాగే చెరగని తప్పుగా ఉండిపోతాయి. అందుకే కట్టినప్పుడు, పుచ్చుకున్నవాళ్లే కాక ఇచ్చినవాళ్లు కూడా డిజిటల్ సంతకం పెట్టే ఏర్పాటు కావాలి. ఆనాడు మా అత్తయ్య సంతకం కూడా లేకుండా పద్దు పూర్తికాని పుస్తకమైతే, ఆ మూడు నెలలు మాయమయ్యేవి కాదు. తప్పు పడితే సరిదిద్దే చట్టమూ కావాలి. యంత్రంతో పాటు మనిషినీ, చట్టాన్నీ అర్థం చేసుకున్నవాళ్లే ఈ విద్యని చక్కగా వాడగలరు.

డబ్బు కట్టే ముందు

మీ ఇంట్లో పిల్లలు ఈ చదువు చదువుతామంటే కొట్టిపారెయ్యకండి. అలాగని గాజులు తాకట్టు పెట్టి పరిగెత్తకండి. ఈ ప్రశ్నలు అడగండి:

— ఇచ్చేది విశ్వవిద్యాలయం డిగ్రీనా, శిక్షణ కేంద్రం సర్టిఫికెట్టా? పి.జి. అనే మాట కరపత్రంలో ఉన్నంత మాత్రాన డిగ్రీ అయిపోదు. యు.జి.సి. గుర్తింపు చూడాలి. విదేశీ డిగ్రీ అయితే, ఇక్కడ దానికి సమాన గుర్తింపు వస్తుందో లేదో ముందే తెలుసుకోవాలి.

— పాఠ్యక్రమంలో గూఢలిపి, కంప్యూటర్ నెట్‌వర్కులు, అల్గారిథమ్‌లు ఉన్నాయా? ట్రేడింగ్ మాత్రమే ఉంటే అది చదువు కాదు, వ్యాపారం. క్రిప్టో లాభాల మీద 2022 ఏప్రిల్ 1 నుంచి 30 శాతం పన్ను ఉంది. పన్ను వేశారు కాబట్టి ప్రభుత్వం పూచీ ఉందనుకోవడం పొరపాటు.

— పాఠం చెప్పేవాళ్లెవరు? వాళ్ల పరిశోధన ఏమిటి?

— బ్లాక్‌చెయిన్ గిరాకీ తగ్గినా, ఆ డిగ్రీతో వేరే ఉద్యోగం వస్తుందా? గూఢలిపి, సమాచార భద్రత నేర్చినవాళ్లకి దారులు ఎక్కువ. ఒక్క మాట పట్టుకుని వేలాడే కోర్సుకి దారి ఒకటే.

మేమూ ఈ ప్రశ్నలు పట్టుకుని శిక్షణ కేంద్రానికి ఫోన్ చేశాం. మొదటి ప్రశ్నకే అటువైపు అమ్మాయి "ముందు సీటు బుక్ చేసుకోండి మేడమ్, ఆఫర్ ఇవాళే ఆఖరు" అంది. జవాబు దొరికినట్టే కదా!

మా అమ్మాయి అప్పటికే గేట్ పరీక్షకి దరఖాస్తు పెట్టుకుని ఉంది. శ్రద్ధగా చదివి రాసింది. ఇప్పుడు కంప్యూటర్ సైన్సు ఎం.టెక్. మొదటి ఏడాదిలో ఉంది, గూఢలిపి శాస్త్రం ఐచ్ఛికాంశంగా తీసుకుంది. ఏజెంటు ఇచ్చిన కాగితం బీరువాలో భద్రంగానే ఉంది. విదేశాలకి పిహెచ్.డి.కి వెళ్లాలనుకుంటే అప్పుడు చూసుకోవచ్చని అన్నయ్యగారే అన్నారు. జూదం అన్న నోటితోనే!

మొన్న ఫోన్ చేసినప్పుడు, ప్రాజెక్టుకి విషయం ఎంచుకున్నానని చెప్పింది. పొదుపు సంఘాల ఆడవాళ్లు కట్టే డబ్బుకి, కట్టినవాళ్ల సంతకం కూడా పడే ఉమ్మడి పద్దు పుస్తకం. ఆ మాట చెప్పగానే అత్తయ్య ఫోన్ అందుకుంది.

"చదువు రానివాళ్లుంటారే! వాళ్ల వేలిముద్ర సంగతి ముందు చూడు" అంది.